పిల్లి ఓకరిస్తోంది, ఏమీ బయటికి రావట్లేదు: ముందు నాలుక కింద చూడండి

రెండు రోజులుగా ఓకరిస్తోంది, ఏమీ రావట్లేదు, తిండీ తగ్గించింది అంటే అది వెంట్రుకల ఉండ మాత్రమే అనుకోకండి. దారం మింగి ఉండవచ్చు. పూలు కట్టే దారం, కుట్టు దారం పిల్లులకు ఆటవస్తువులే.

1. చాలామంది నోరు తెరిచి గొంతులోకి చూస్తారు, నాలుక కింద చూడరు. దారం తరచూ చుట్టుకునేది అక్కడే. కింది దవడను మెల్లగా దించి, గడ్డం కింద మెత్తటి చోట బొటనవేలితో పైకి నొక్కితే నాలుక లేస్తుంది. కరవబోతే బలవంతం వద్దు.

2. దారం కనిపిస్తే దయచేసి లాగకండి, కత్తిరించకండి. రెండో కొస పేగుల్లో ఉంటే, లాగినప్పుడు పేగు కోసుకుపోతుంది. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

3. ఏమీ కనిపించకపోతే, ఓకరించేటప్పుడు వీడియో తీయండి. నేలకు వంగి, మెడ చాచి, ఈల శబ్దంతో దగ్గుతుంటే అది ఆస్తమా కావచ్చు. డాక్టర్‌కి ఆ వీడియో ఎంతో ఉపయోగం.

4. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నా, చిగుళ్లు నీలంగా లేదా పాలిపోయి ఉన్నా రాత్రయినా ఆగొద్దు. 24 గంటలు ఏమీ తినకపోయినా చూపించాల్సిందే.

మన మందులేవీ వేయకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర కూడా పిల్లి ప్రాణం తీస్తుంది.