సమాధానం: అనంతపురంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతోందా?

తగ్గింది గాలిలో కాదు తమ్ముడూ, నీ సెన్సార్ లెక్కలో. హాస్టల్ రూములో ఎంహెచ్-జెడ్19 అనే కార్బన్ డయాక్సైడ్ సెన్సార్ పెడితే వారంలో 900 పీపీఎం (అంటే పది లక్షల పాళ్ల గాలిలో 900 పాళ్లు) నుంచి 500కి దిగింది అన్నావు కదా, అది ఆటో కాలిబ్రేషన్ పని, అంటే సెన్సార్ తనంతట తానే లెక్క సర్దుకోవడం. రోజుకోసారి ఆ 24 గంటల్లో చూసిన తక్కువ రీడింగునే 400 పీపీఎం అనుకుని సర్దేసుకుంటది, కిటికీలు మూసి నలుగురు పడుకునే రూములో 400 ఎక్కడ్నుంచి వస్తది చెప్పు.

1. కోడ్‌లో ఆటో కాలిబ్రేషన్ ఆపెయ్.

2. మిద్దె మీద నీడలో 20 నిమిషాలు ఆన్‌లో పెట్టి *దూరంగా పో*. అందరూ తప్పేది ఇక్కడే, దాని మీదకి వంగి నంబర్లు చూస్తా ఉంటారు, మనం వదిలే ఊపిరిలో దాదాపు 40,000 పీపీఎం ఉంటది. నేనైతే మొదటిసారి బీడీ తాగే వాచ్‌మన్ పక్కనే పెట్టినా, ఒక సాయంత్రం మొత్తం దండగ.

3. రీడింగ్ నిలబడినాక సెన్సార్ మీద కాలిబ్రేషన్ కోసం ఉండే హెచ్‌డీ పిన్‌ని గ్రౌండ్ (జీఎన్‌డీ) పిన్‌కి 7 సెకన్లు దాటేదాకా తాకించు, అప్పుడున్న గాలినే 400గా పెట్టుకుంటది.

ఇంకోటి, ఇది బయటి గాలిని 400 అనుకుంటది, నిజానికి ఇప్పుడు 425 దరిదాపుల్లో ఉంది, ఆ 25 కలుపుకో.

గ్లోబల్ వార్మింగ్ గ్రాఫ్‌కి మాత్రం ఇది పనికిరాదు, గాలిలో పెరిగేది ఏడాదికి 2-3 పీపీఎం, దీని తేడానే అటూఇటూ 50కి పైన. హవాయిలోని మౌనా లోవా కొండ మీద గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే కేంద్రం ఉంది, దాని డేటా దించుకో, 1958లో 315 దగ్గర మొదలైతది.