అంతర సూది ఆపినా కడుపు నిలవట్లేదని ఏడ్చిన నా బిడ్డకు

బిడ్డా,

నిన్న ఫోన్‌లో నువ్వు ఏడ్చినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లల్లో 28 ఏళ్లు ఏఎన్ఎంగా తిరిగినదాన్ని, పిల్లలు అప్పుడే వద్దని 3 నెలలకోసారి వేసే ఆ అంతర సూది నువ్వు వేయించుకునే రోజే ఇదంతా చెప్పాల్సింది, చెప్పలేదు, ఆ బాధతోనే రాస్తున్నా.

ముందు లెక్క సరిచూసుకో. చివరి అంతర సూది సంక్రాంతికి వేయించుకున్నావు, ఇప్పుడు శ్రావణం. ఏడు నెలలైందని నువ్వంటున్నావు గానీ, మొదటి 3 నెలలు ఆ సూది పనిచేస్తూనే ఉంది కదా. తర్వాత కూడా మందు ఒంట్లోంచి మెల్లగా పోతుంది, అప్పటిదాకా అండం విడుదల కాకపోవచ్చు. సగటున చివరి సూది నుంచి 7 నుంచి 10 నెలలకు కడుపు నిలుస్తుంది, కొందరికి ఏడాది దాటుతుంది. సూదితో గర్భసంచి ఎండిపోతుందని మీ వాడకట్టులో ఎవరో అన్నారట, అది ఉత్త అబద్ధం. మీ తోటికోడలు కడుపు రాకుండా వేసుకునే మాలా-ఎన్ గోలీలు ఆపిన రెండో నెలకే నెల తప్పిందని పోల్చుకోకు, గోలీ ప్రభావం తొందరగా పోతుంది, సూదిది అట్లా కాదు.

నెలసరి వచ్చిన తేదీలు క్యాలెండర్ మీద రాయి. వచ్చే నెలసరికి దాదాపు 14 రోజుల ముందు అండం విడుదలవుతుంది, అది ఒక్కరోజే బతుకుతుంది, వీర్యకణాలైతే 5 రోజుల దాకా ఉంటాయి, అందుకని దానికి ముందటి రోజులే ముఖ్యం. అల్లుడు రామగుండంలో షిఫ్టులు చేసి ఆదివారమే ఇంటికొస్తున్నాడాయె, ఆ రోజులు కుదరని నెలను లెక్కే పెట్టకు. సెలవు పెట్టమను, లేకపోతే నువ్వే వెళ్లు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటినుంచే వేసుకో.

నీకు 27 ఏళ్లే, నెలసరి సరిగ్గా మొదలయ్యాక ఏడాది చూడొచ్చు. 35 దాటితే 6 నెలలకే వెళ్లమనేదాన్ని. కానీ నెలసరి అస్తవ్యస్తంగా వస్తున్నా, బరువు పెరిగినా, గడ్డం మీద వెంట్రుకలు వచ్చినా ఆగకు, వరంగల్ సీకేఎం ఆస్పత్రిలో గానీ హన్మకొండ ప్రసూతి ఆస్పత్రిలో గానీ చూపించుకొని థైరాయిడ్, పీసీఓడీ (అండాశయాల సమస్య) పరీక్షలు చేయించుకో.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. పరీక్షలకు పోతే అల్లుడి వీర్యపరీక్ష కూడా మొదటి రోజే రాయించు. నేను పనిచేసిన ఒక ఊళ్లో ఒకామె రెండేళ్లు మందులు మింగింది, చెట్ల మందులు తాగింది, అత్తగారింట్లో పడరాని మాటలు పడింది, తీరా చూస్తే కణాలు తక్కువున్నది భర్తకు. ఆ పరీక్షకు పట్టేది ఒక్కపూట, బిడ్డా. అతనికి నామోషీ అయితే నాకు ఫోన్ ఇవ్వు, నేను మాట్లాడతా.

మీ అమ్మ సమ్మక్కకు నీ ఎత్తు బంగారం, అదే బెల్లం, మొక్కింది, నేనూ మొక్కిన. సద్దుల బతుకమ్మకు వచ్చేటప్పుడు అంతర కార్డు, రాసిన తేదీలు పట్టుకురా, అల్లుణ్నీ తీసుకురా, ముగ్గురం కూర్చొని చూద్దాం.

నీ పెద్దమ్మ