పగ్గం పట్టిన చెయ్యి

చిరంజీవి అమ్మాయికి,

నీ జట్కా కథ రెండుసార్లు చదివాను. సాయిబు మాటతీరు బాగా కుదిరింది. గుర్రమే కుదరలేదు. "ఠీవిగా", "వాయువేగంతో" అని రాశావు. పొద్దస్తమానం స్టేషన్ రోడ్డులో బండి లాగే గుర్రానికి ఠీవి ఎక్కడిదమ్మా? అది సినిమా గుర్రం.

టెన్షన్ పడకు, కోప్పడటం లేదు. నీకో బొమ్మ సంగతి చెప్పాలి. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో చూశాను. రోజా బోనర్ అనే ఫ్రెంచి చిత్రకారిణి నూనె రంగుల్లో వేసిన 'గుర్రాల సంత'. 8 అడుగుల ఎత్తు, పదహారున్నర అడుగుల పొడవు. మా హాలు గోడకి పట్టదు. 1852లో మొదలుపెట్టి, మరుసటి ఏడాది పారిస్ సలోన్ అనే పెద్ద చిత్రకళా ప్రదర్శనలో పెట్టింది. అంతటితో వదల్లేదు, 1855లో మళ్ళీ దిద్దింది. నువ్వేమో రాసిన రాత్రే పోస్టు చేశావు.

ఆ సంత పారిస్‌లో నిజంగా జరిగేదే. బొమ్మలో ఎడమవైపు వెనకాల అక్కడి ఆసుపత్రి గుమ్మటం కూడా కనిపిస్తుంది. ఆమె ఏడాదిన్నర పాటు వారానికి రెండుసార్లు వెళ్ళి స్కెచ్‌లు గీసుకుంది. బేరగాళ్ళ మధ్య ఆడమనిషి నిలబడితే అందరి కళ్ళూ ఆమె మీదే కదా, అందుకని మగవేషం వేసుకుని వెళ్ళేది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోవాలన్నా పోలీసుల అనుమతి కావాలి. అదీ తెచ్చుకుంది. కండరాలు, ఎముకలు ఎలా అమరి ఉంటాయో తెలుసుకోవడానికి కబేళాలకూ వెళ్ళింది.

ఇది రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది. నా మొదటి కథలో ఎద్దులబండి ఉంది. కాడి మెడమీద ఎక్కడ ఒరుసుకుంటుందో చూడకుండానే రాసేశాను. మా బాబాయి చదివి, "ఎప్పుడైనా ఎద్దుని తాకావట్రా?" అన్నాడు. అంతే. ఇంకేమీ అనలేదు.

ఆ బొమ్మలోవి బరువులు లాగే పెర్షెరాన్ జాతి గుర్రాలు. వాటి పక్కన ఉన్నది రాజులూ సేనాపతులూ కాదు, సంతలో గుర్రాల్ని తిప్పి చూపించే పనివాళ్ళు. గుర్రం ఎంత బలమైనదో దాన్ని అదుపు చెయ్యడానికి మనిషి పడుతున్న అవస్థలో తెలుస్తుంది. నేను గుర్రాల కన్నా ఆ చేతుల్నే ఎక్కువసేపు చూశాను.

నీ కథలో ఆ చెయ్యి లేదు. వెనక ఇద్దరు లావుపాటివాళ్ళు ఎక్కితే జట్కా ముందు భాగం పైకి లేస్తుంది. "కొంచెం ముందుకి జరగండమ్మా, బండి లేస్తోంది" అని సాయిబు అనాలి. అలా అన్నాడంటే గుర్రం గురించి నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

జట్కాలు ఇప్పుడెక్కడున్నాయి అంటావు. పెళ్ళి ఊరేగింపులకి గుర్రాన్ని తెచ్చేవాళ్ళున్నారుగా. ఊరేగింపప్పుడు కాదు, దాణా పెట్టే వేళకి వెళ్ళు. ఫోన్ జేబులోనే ఉంచు. ఫొటో తీశామంటే ఇక చూడం, నాకూ ఆ జబ్బుంది. చూసింది చూసినట్టు నోట్‌బుక్కులో రాసుకో. అది అచ్చుకి కాదు, నీకోసం.

ఈ నెల కథ పంపొద్దు. ఈగ వాలినప్పుడు ఆ గుర్రం ఒంటిమీద చర్మం ఎక్కడ వణికిందో, అప్పుడు దాని యజమాని ఏం చేస్తున్నాడో ఒక కార్డు ముక్క రాయి.

ఆశీస్సులతో,
మాస్టారు