పాలపన్ను దాచడానికి ఈఎంఐ పెట్టుకుంటారా?

ప్రశ్న: మాది కరీంనగర్. నా వయసు 36, ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 58 వేలు వస్తుంది. మా ఆవిడ ఇంట్లోనే ఉంటుంది, పాపకి ఏడేళ్లు. స్కూల్లో డెంటల్ క్యాంప్ పెట్టినప్పుడు ఒక సంస్థ వాళ్లు కలిసి, పాలపళ్లలో స్టెమ్ సెల్స్ (వేరే రకాల కణాలుగా మారగల మూలకణాలు) ఉంటాయి, 21 ఏళ్లు భద్రపరుస్తాం, ముందుముందు పాపకి ఏ జబ్బు వచ్చినా అక్కరకొస్తాయి, ఇది బయోలాజికల్ ఇన్సూరెన్స్ అన్నారు. ప్యాకేజీ 1,10,000. క్రెడిట్ కార్డు మీద 18 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తారట. లేదంటే మా ఆవిడ మూడు తులాల గొలుసు కుదువపెడదామా అని చూస్తున్నాం. ఇప్పటికే 2.4 లక్షల పర్సనల్ లోన్ నడుస్తోంది, ఆ కిస్తీతో కలిపి ఇంటి ఖర్చు 45 వేలు. బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. ఆఫీసు వాళ్ల 3 లక్షల హెల్త్ ఇన్సూరెన్స్ ఉంది, సొంతంగా ఏదీ తీసుకోలేదు. ఊళ్లో అమ్మానాన్నలకు రేషన్ కార్డు ఉంది. పాప పన్ను ఊగుతోంది, వారంలో చెప్పమంటున్నారు. 5 వేలు అడ్వాన్స్ కట్టాను. అగ్రిమెంట్ కాపీ పంపిస్తున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: వద్దండి. ఇంతటితో ఆపేయొచ్చు గానీ ఇలాంటి ఉత్తరాలు ఈ మధ్య వరసగా వస్తున్నాయి. ఒకరు బొడ్డుతాడు రక్తం దాచుకోమంటారు, ఇంకొకరు పాప పేరు మీద ఏదో గ్యారంటీ ప్లాన్ అంటారు, అందరూ చేసే పొరపాటు మాత్రం ఒకటే: పిల్లల పేరు ఎత్తగానే లెక్క వేయడం మానేస్తాం. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నాకు ఒళ్లు మండింది ఆ ‘ఇన్సూరెన్స్’ అన్న మాట దగ్గర. ఇన్సూరెన్స్ అంటే కష్టం వచ్చిన రోజు బిల్లు కట్టేది. రేపు పాపకి డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతే, ఈ కణాలు దాచే మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులోంచి పైసా రాదు. మీరు పంపిన అగ్రిమెంట్ నేను చదివాను, మీరు చదివారో లేదో మరి. కణాలు వైద్యానికి పనికొస్తాయని హామీ ఇవ్వట్లేదని, ఏదైనా తేడా వస్తే మీరు కట్టిన ఫీజు వరకే తమ బాధ్యత అని చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. ప్రీమియం మీది, రిస్కూ మీదే, దీన్ని ఇన్సూరెన్స్ అని ఎలా అంటారు? బొడ్డుతాడు రక్తాన్ని ఇదే పేరుతో అమ్ముతున్నారని పిల్లల డాక్టర్ల సంఘం ఐఏపీ 2018లోనే తప్పుబట్టింది.

అలాగని సైన్స్ అంతా బూటకమని కాదు. పంటి లోపలి గుజ్జులో స్టెమ్ సెల్స్ ఉన్న మాట నిజం. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ పరిశోధకులు 2000లో పెద్దవాళ్ల జ్ఞానదంతాల్లో వీటిని గుర్తించారు. మూడేళ్లకు, 2003లో, పాలపళ్లలోనూ ఉన్నాయని తేల్చారు. ఆ పరిశోధన చేసిన సాంగ్‌టావో షీకి ఆ ఆలోచన వచ్చింది తన కూతురి ఊడిన పన్ను చూసే. ఈ కణాలు ఎముక మూలుగ నుంచి తీసిన ఇదే జాతి కణాల కంటే వేగంగా పెరుగుతాయి, ల్యాబ్‌లో వీటి నుంచి డెంటిన్ (పంటి లోపలి గట్టి పొర) తయారుచేసే కణాలు, ఎముక కణాలు, కొవ్వు కణాలు, నరాల కణాల్లాంటివి కూడా పుట్టించగలిగారు. పిండంలో నరాలకు, ముఖం ఎముకలకు మూలమైన కణాల నుంచే పంటి గుజ్జు కూడా వస్తుంది కాబట్టి ఆ నరాల లక్షణం అంత వింతేమీ కాదు. ఆసక్తికరమైన విషయమే, నేను కాదనను.

కానీ వాళ్ల కరపత్రంలో లుకేమియా, తలసీమియా లాంటి రక్తపు జబ్బుల పేర్లు కూడా వేశారు చూశారా? రక్తం తయారుచేసే స్టెమ్ సెల్స్ వేరు, పంటిలో ఉండేవి వేరు. బోన్ మ్యారో మార్పిడికి వాడేవి మొదటి రకం, పాలపన్నుతో ఆ పని జరగదు. పైగా తలసీమియా లాంటి పుట్టు జబ్బయితే ఆ లోపం పాప సొంత కణాల్లోనూ ఉంటుంది, వాటినే దాచుకుని ఏం లాభం? మనుషుల మీద ఫలితం కనిపించింది ప్రధానంగా పంటికే. 2018లో చైనాలో, దెబ్బ తగిలి గుజ్జు చచ్చిపోయిన ముందు పళ్లలో ఆ పిల్లల పాలపంటి కణాలనే పెట్టి మళ్లీ గుజ్జు పెరిగేలా చేశారు. గొప్ప పనే. అయితే అక్కడ వాడింది అప్పటికప్పుడు పన్ను తీసి ల్యాబ్‌లో పెంచిన కణాలు, 21 ఏళ్లు ట్యాంకులో ఉన్నవి కావు.

ఇంకో మాట, ‘ఈ అవకాశం మళ్లీ రాదు’ అని వారం గడువు పెట్టారు కదా, అది శుద్ధ అబద్ధం. పాపకి ఏడేళ్లే, మొత్తం 20 పాలపళ్లు 12 ఏళ్లు వచ్చేదాకా ఒక్కొక్కటిగా ఊడుతూనే ఉంటాయి. ఆ తర్వాత కొందరికి క్లిప్పులు పెట్టించడానికి పళ్లు తీస్తారు, ఇరవైల్లో జ్ఞానదంతాలు తీయిస్తారు, వాటిలోనూ ఇవే కణాలు ఉంటాయి, అసలు మొదట దొరికిందే అక్కడ. ఇక వాళ్లు అంత తొందరపెట్టడానికి అసలు కారణం మీకు చెప్పి ఉండరు: పన్ను దానంతట అది ఊగి ఊగి ఊడితే లోపలికి రక్తం అందక గుజ్జు చాలావరకు పాడైపోతుంది, అందుకే వేరు కొంత మిగిలి ఉండగానే డాక్టర్ చేత పీకించాలి. అంటే మీ పాపకి అవసరం లేని మత్తు ఇంజెక్షన్ ఒకటి అదనం. ఇంతా చేస్తే 2003 నాటి ఆ పరిశోధనలో ఒక్కో పాలపన్నులో దొరికిన పనికొచ్చే కణాలు 12 నుంచి 20. తర్వాత ల్యాబ్‌లో పెంచుకోవాల్సిందే.

అసలు దీనికి అనుమతి ఉందా అని అడిగారా వాళ్లని? భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మన దేశంలో లైసెన్సు ఇచ్చేది బొడ్డుతాడు రక్తం బ్యాంకులకు మాత్రమే, మిగతా వాటిని నిల్వ చేసే వ్యాపారానికి తదుపరి నిర్ణయం దాకా అనుమతి లేదు. పంటి గుజ్జు ఆ మిగతా వాటిలోకే వస్తుంది. లైసెన్సు నంబరు చూపించమని ఒక్క మెయిల్ పెట్టండి, ఏం జవాబు వస్తుందో చూద్దాం.

నేనేమీ పుట్టుకతో తెలివైనవాణ్ణి కాదు లెండి. మా అబ్బాయి పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలోనే కార్డు గీకి బొడ్డుతాడు రక్తం ఫారం మీద సంతకం పెట్టినవాణ్ణి. మూడేళ్ల తర్వాత మా నాన్నకి రాత్రి పదకొండింటికి స్టెంట్ వేయాలన్నారు, కౌంటర్ దగ్గర లక్షన్నర అడ్వాన్స్ అడిగారు. నా పర్సులో ‘మీ బిడ్డ భవిష్యత్తు భద్రం’ అని రాసున్న మెరిసే కార్డు ఉంది, బ్యాంకులో 20 వేలున్నాయి. మా బావమరిదిని నిద్ర లేపి డబ్బులడిగిన ఆ ఫోన్ కాల్ నాకింకా గుర్తుంది.

ఇప్పుడు మీ లెక్క. నెలకు మిగిలేది 13 వేలు. అందులో 6,111 ఈ పాలపన్ను ఈఎంఐకి పోతే మిగిలేది ఏడు వేల లోపు. బ్యాంకులో ఉన్న 35 వేలు మీ ఇంటికి ఒక నెల కూడా రావు. ఉద్యోగం పోతే ఆఫీసు హెల్త్ పాలసీ కూడా దాంతోపాటే పోతుంది, కొత్త పాలసీ తీసుకుంటే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు. మీ జీతం మీద ముగ్గురు బతుకుతున్నారు, మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా, లేదు! పాపకి రేపు నిజంగా జరగరానిది జరిగేది అక్కడ, పంటిలో కాదు.

అందుకని ఈ నెలలోనే ముగ్గురికీ కలిపి 10 లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ హెల్త్ పాలసీ, మీకు కోటి టర్మ్ తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. ఈ రెండింటి ప్రీమియం కలిపినా, ఆ పన్ను ఈఎంఐకి ఏడాదికి పోయే 73 వేల కంటే చాలా తక్కువే అవుతుంది, మీ వయసుకి. ఫారంలో బీపీ, థైరాయిడ్ ఏదున్నా దాచకుండా రాయండి, ఏజెంట్ ‘ఏం కాదులే సార్’ అన్నా సరే. ఇక మిగిలిన ప్రతి రూపాయీ ఎమర్జెన్సీ ఫండ్‌కి. ఆరు నెలల ఖర్చు, అంటే 2.7 లక్షలు, అయ్యేదాకా వేరే మాట ఎత్తొద్దు. జీతం పడే ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో పెట్టండి, యూపీఐకి కలపకండి. సుకన్య, సిప్ లాంటి పొదుపులు ఆ తర్వాత చూసుకుందాం. అమ్మానాన్నలకు రేషన్ కార్డు ఉందన్నారు కాబట్టి ఆరోగ్యశ్రీ వర్తిస్తుంది, 2023 డిసెంబరులో పరిమితి 10 లక్షలకు పెంచారు, దగ్గర్లో ఏ ఆస్పత్రులు తీసుకుంటున్నాయో ఇప్పుడే కనుక్కుని ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

అప్పు సంగతి కూడా చెప్పి తీరాలి. నో కాస్ట్ అన్న మాట నమ్మకండి. వడ్డీని డిస్కౌంట్ కింద చూపిస్తారు గానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ మీదే పడతాయి. ఒక్క నెల కార్డు బిల్లు తప్పితే చాలా కార్డుల్లో నెలకు 3 శాతం పైనే వడ్డీ. ఒక లోన్ నెత్తిమీద ఉండగా ఇంకోటా? ఇక ఆ గొలుసు జోలికి వెళ్లొద్దు. రేపు నిజంగా ఆస్పత్రిలో అవసరం పడితే అరగంటలో డబ్బు పుట్టించేది మీ ఇంట్లో అదొక్కటే, దాన్ని పన్ను కోసం తాకట్టు పెడతానంటే మీ ఆవిడ ఎలా ఒప్పుకున్నారో నాకు అర్థం కాలేదు.

మా చిన్నప్పుడు ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి ఇంటి పైకప్పు మీదికి విసిరేవాళ్లం, ఖర్చు సున్నా. మీ పాప పన్ను కూడా దానంతట అది ఊడనివ్వండి.

కట్టిన 5 వేల కోసం ఈరోజే మెయిల్ పెట్టండి. నిల్వ ఇంకా మొదలుకాలేదు, రద్దు చేసుకుంటున్నాను, అడ్వాన్స్ వాపస్ చేయండి అని మూడు లైన్లు చాలు. ఫోన్లో మాట్లాడొద్దు, మళ్లీ ఒప్పించేస్తారు. 15 రోజుల్లో జవాబు రాకపోతే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. క్రెడిట్ కార్డు వివరాలు వాళ్ల దగ్గర సేవ్ చేసి ఉంటే, మెయిల్ పెట్టకముందే బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆ అనుమతి తీసేయండి.