మరుగుజ్జు ఏనుగు డీఎన్ఏను నమ్మే ముందు

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

ద్వీపాల్లో అంతరించిన మరుగుజ్జు ఏనుగుల వర్గీకరణపై రాస్తున్న వ్యాసంలో పురాతన డీఎన్ఏనే ప్రమాణంగా తీసుకుని, దంతాల కొలతల పట్టికను తీసేశానని రాశావు. తొందరపడ్డావు. ముందు గ్రీసుకు చెందిన క్రీటు ద్వీపం సంగతి నిదానంగా చదువు.

దాదాపు 8 లక్షల ఏళ్ల నాటిదిగా భావించిన క్రీటు ఎముక నుంచి 43 బేస్ జతల (డీఎన్ఏ అక్షరాల) ముక్కను రాబట్టి, ఆ జీవి మామత్ (అంతరించిన ఏనుగు రకం) వంశానిదని 2006లో కొందరు పరిశోధకులు ప్రకటించారు. 43 అక్షరాలంటే ఈ ఉత్తరంలో ఒక పంక్తి! వెచ్చని మధ్యధరా వాతావరణంలో అంతకాలం డీఎన్ఏ నిలవడం నమ్మశక్యం కాదనీ, అది బయటి డీఎన్ఏ కలవడం వల్ల వచ్చిందో, పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతిలో) పుట్టిన పొరపాటో కావచ్చనీ మరుసటి ఏడాదే అభ్యంతరాలు వచ్చాయి. అయితే 2012లో శిలాజ శాస్త్రవేత్తలు విక్టోరియా హెరిడ్జ్, ఏడ్రియన్ లిస్టర్ దంతాలను పరిశీలించి, భుజం దగ్గర సుమారు 1.13 మీటర్ల ఎత్తుండే ఆ జీవి మామతేనని తేల్చారు. దీన్ని చూపి పాత డీఎన్ఏ ఫలితం నిజమేనని మాత్రం రాయకు. జవాబు సరిపోయినంత మాత్రాన లెక్క చేసిన తీరు సరైనదైపోదు.

ఎముక పొడి వేయకుండా నీళ్లు మాత్రమే పోసిన గొట్టం నుంచి కూడా జెల్ (డీఎన్ఏ ఉంటే గీతగా చూపే జిగురు పలక) మీద గీత మెరవడం నేను కళ్లారా చూశాను. అంతకుముందు వారం రోజులు అదే గీతను చూసి మురిసిపోయాం. అందుకే ఏ వ్యాసం చదివినా ఖాళీ గొట్టాల ఫలితమేమిటో, మరో ప్రయోగశాలలో అదే ముక్క మళ్లీ దొరికిందో లేదో ముందు వెతుకు.

సిసిలీలోని పుంతాలీ గుహ ఏనుగు విషయం వేరు. దాని చెవి దగ్గరి గట్టి ఎముక నుంచి మైటోకాండ్రియా జీనోమ్‌ను (తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏను) రాబట్టి 2021లో ప్రచురించారు. అది బలమైన ఆధారమే, కానీ అది తల్లి వైపు వంశాన్ని మాత్రమే చెబుతుంది. ఈ సిసిలీ ఏనుగు చెందిన, అంతరించిన పాలియోలాక్సోడాన్ ఏనుగుల వర్గానిదే అయిన జర్మనీ నమూనాను మైటోకాండ్రియా ఆధారంగా ఆఫ్రికా అడవి ఏనుగుకు దగ్గర బంధువుగా 2017లో చూపించగా, కేంద్రక డీఎన్ఏను (తల్లిదండ్రులిద్దరి నుంచి వచ్చేదాన్ని) చదివాక 2018లో దాని వంశంలో ఒకటికి మించిన ఏనుగు శాఖలు కలిశాయని బయటపడింది.

ఆ పట్టికను మళ్లీ చేర్చి, ప్రతి నమూనా పక్కన దాని వయస్సు, దొరికిన చోటు, చదివిన ముక్క పొడవు రాసి పంపు. చదివి తప్పులు దిద్దుతాను.

మీ పెదనాన్న