టెక్ సందేహాలు: చదువుకునే పిల్లలకు ఏ క్రెడిట్ కార్డు మంచిది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల కన్నా క్రెడిట్ కార్డుల గురించి అడిగినవే ఎక్కువ. అందులోనూ నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు కాలేజీ పిల్లలే ఎక్కువ మంది రాశారు కాబట్టి మిగతావి వచ్చేసారికి ఉంచి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నేను నల్లగొండలో బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్న. క్లాక్ టవర్ సెంటర్ దగ్గర ఒకాయన కలిసి క్రెడిట్ కార్డు ఫ్రీ, రివార్డు పాయింట్లు మస్తు వస్తయి, ఆధార్, పాన్ ఇస్తే చాలన్నడు. నాకు జీతం లేదు, నాయిన నెలకు ఏడు వేలు పంపిస్తడు. ఏ కార్డు తీసుకుంటే పాయింట్లు ఎక్కువ వస్తయో చెప్పు.

జవాబు: తమ్ముడూ, ఏ కార్డో చెప్పే ముందు ఈ పాయింట్లు ఎంత చేస్తాయో లెక్క వేద్దాం. కొత్తవాళ్లకు ఇచ్చే మామూలు కార్డుల్లో చాలావాటికి వంద రూపాయల ఖర్చుకు ఒక పాయింటు, ఆ పాయింటు విలువ పావలా. నెలకు ఐదు వేలు కార్డు మీద ఖర్చు పెట్టావనుకో, యాభై పాయింట్లు, అంటే పన్నెండున్నర రూపాయలు. ఏడాది మొత్తానికి 600 పాయింట్లు, 150 రూపాయలు. సరే వాడుకుందామని యాప్‌లో రిడీమ్ నొక్కితే కొన్ని బ్యాంకులు 99 రూపాయల ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ తీసుకుంటాయి. అంటే దాదాపు 117 పోయి నీ చేతికొచ్చేది 33 రూపాయలు. ఏడాది పాటు ప్రతి బిల్లూ కార్డు మీద పెడితే మిగిలేది అది. అందుకే 'ఎన్ని పాయింట్లు' అని అడగకు, 'ఒక పాయింటుకు ఎన్ని పైసలు, రిడీమ్ చేస్తే ఫీజు ఎంత, బిల్లులో తగ్గిస్తారా లేక వాళ్ల కేటలాగులో వస్తువులే కొనాలా' అని అడుగు. ఈ మూడింటికి జవాబు రాని ఏజెంటుతో మాట్లాడి లాభం లేదు.

క్యాష్‌బ్యాక్ కార్డులు ఈ విషయంలో నయం, లెక్క సూటిగా ఉంటుంది. ఉదాహరణకు అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక రుసుము లేదు, అమెజాన్‌లో కొంటే ప్రైమ్ ఉన్నవాళ్లకు 5 శాతం, లేనివాళ్లకు 3 శాతం వెనక్కి వస్తుంది. కానీ ఇలాంటివి ఇచ్చేముందు బ్యాంకు ఆదాయం చూస్తుంది, జీతం లేని విద్యార్థికి మామూలు పద్ధతిలో దొరకడం కష్టం. ఇక్కడే కొందరు ఏజెంట్లు 'జీతం పాతిక వేలని రాద్దాం, ఎవరూ చూడరు' అంటారు. దయచేసి ఒప్పుకోవద్దు. ఆ ఫారం మీద సంతకం నీది, తప్పుడు వివరం ఇచ్చావన్న మాట రేపు నీ మీదకే వస్తుంది, ఏజెంటు అప్పటికి నంబరు మార్చేసి ఉంటాడు. పైగా దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ బ్యాంకు నీ క్రెడిట్ రిపోర్టు (నీ అప్పులు, చెల్లింపుల చరిత్ర) తీస్తుంది, నాలుగు చోట్ల పెట్టి నాలుగూ తిరస్కరిస్తే ఆ విచారణలన్నీ రిపోర్టులో కనిపిస్తాయి.

నీకు నిజంగా పనికొచ్చే దారి ఎఫ్‌డీ మీద ఇచ్చే కార్డు. 18 ఏళ్లు నిండి, పాన్, ఆధార్ ఉండి, బ్యాంకులో కొంత డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే అందులో 80 నుంచి 100 శాతం వరకు లిమిట్‌తో కార్డు ఇస్తారు, జీతం స్లిప్పు అడగరు. ఎఫ్‌డీ మీద వడ్డీ నీకు వస్తూనే ఉంటుంది, కార్డు ఉన్నన్నాళ్లు మాత్రం ఆ డబ్బు తీసుకోలేవు. బిల్లు కట్టకపోతే బ్యాంకు అందులోంచి తీసుకుంటుంది. కాబట్టి సెమిస్టర్ ఫీజుకని దాచిన డబ్బునూ, స్కాలర్‌షిప్ పడగానే కట్టాల్సిన హాస్టల్ బాకీ డబ్బునూ ఇందులో పెట్టొద్దు. ఏడాది పాటు ముట్టుకోకపోయినా ఫరవాలేదన్న డబ్బు పది, ఇరవై వేలు ఉంటేనే చెయ్. లేదంటే ఇప్పుడు కార్డు అవసరమే లేదు, డెబిట్ కార్డూ యూపీఐతో చదువు ఆగదు.

ఎఫ్‌డీ కార్డు వల్ల వచ్చే అసలు లాభం వేరే ఉంది. ప్రతి నెలా సమయానికి కడితే ఆ చరిత్ర సిబిల్ లాంటి, అప్పుల లెక్కలు చూసే సంస్థల దగ్గర మామూలు కార్డు లాగే నమోదవుతుంది. 300 నుంచి 900 మధ్య ఇచ్చే ఆ స్కోరు రేపు ఉద్యోగం వచ్చాక బండి లోను, ఇంటి లోను దగ్గర పనికొస్తుంది. చదువు అయ్యేలోపు రెండేళ్ల మంచి చరిత్ర చేతిలో ఉండటం ఆ 33 రూపాయల కన్నా ఎంతో విలువైనది. లిమిట్ 20 వేలైతే నెలకు ఆరు వేలు దాటకుండా వాడు, లిమిట్ మొత్తం వాడేస్తుంటే స్కోరు మీద భారం పడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. కార్డు వచ్చిన రోజే యాప్ తెరిచి బిల్లు పేజీ చూడు. అక్కడ రెండు అంకెలు కనిపిస్తాయి: టోటల్ అమౌంట్ డ్యూ (మొత్తం బాకీ), మినిమం అమౌంట్ డ్యూ (కనీసం కట్టాల్సింది). 20 వేల బిల్లుకు మినిమం వెయ్యి దగ్గర ఉంటుంది, పే బటన్ నొక్కితే కొన్ని యాప్‌లలో అదే ముందు ఎంచుకుని ఉంటుంది. వెయ్యి కట్టేశాం, పని అయిపోయింది అనుకుంటారు పిల్లలు. అక్కడ మొదలవుతుంది వడ్డీ. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 20 వేల మీద 700, దాని మీద జీఎస్టీ 126, మొత్తం 826 రూపాయలు ఒక్క నెలకు. మన ఊళ్లలో నూటికి రెండు రూపాయల మిత్తి అంటేనే భయపడతారు, ఇది అంతకన్నా ఎక్కువ. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి కూడా ఆ 45, 50 రోజుల వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే లెక్క. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీస్తే ఫీజూ వడ్డీ రెండూ అదే రోజు మొదలు, ఆ పని ఎప్పుడూ చేయొద్దు.

అందుకే సెట్టింగ్స్‌లో ఆటో డెబిట్ పెట్టుకో, అందులో 'టోటల్' ఎంచుకో. ఇంటి నుంచి డబ్బు మొదటి వారంలో వస్తే బిల్లు గడువు ఆ తర్వాత పడేలా బిల్లింగ్ సైకిల్ మార్చమని అడగొచ్చు, కనీసం ఒక్కసారి మార్చుకునే అవకాశం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఏదైనా కారణంతో గడువు రోజు కట్టలేకపోతే టెన్షన్ పడకు, మూడు రోజులు దాటాకే ఆలస్య రుసుము వేయాలి, బాకీగా రిపోర్టు చేయాలి. ఆ మూడు రోజులను అలవాటు మాత్రం చేసుకోకు.

క్లాక్ టవర్ దగ్గర కలిసిన ఆయన విషయానికొస్తే, ఫ్రీ అంటే జీవితాంతమా, మొదటి ఏడాదేనా అన్నది కాగితం మీద చూడు. దరఖాస్తుతో పాటు ఒక పేజీలో ముఖ్య వివరాలన్నీ రాసి ఇవ్వాలని 2022 నాటి ఆర్‌బీఐ ఆదేశాల్లో ఉంది. వడ్డీ, ఫీజులు అన్నీ అందులోనే ఉంటాయి. ఆ పేజీ చూపించకుండా ఆధార్ ఫొటో తీసుకుంటానంటే ఇవ్వొద్దు. నేనైతే నేరుగా బ్రాంచికో, బ్యాంకు యాప్‌కో వెళ్లమంటాను.

ప్రశ్న: అన్నయ్యా, మాది మహబూబ్‌నగర్, డిగ్రీ ఫైనలియర్. ఎఫ్‌డీ మీద రూపే క్రెడిట్ కార్డు తీసుకుని యూపీఐ యాప్‌లో పెట్టుకున్నా. మెడికల్ షాపులో పని చేస్తుంది, హాస్టల్ ముందున్న టిఫిన్ బండి దగ్గర మాత్రం ఫెయిల్ అవుతుంది. ఫ్రెండుకు పంపినా పోవట్లేదు. కార్డు బాగాలేదా?

జవాబు: చెల్లీ, కార్డు బాగానే ఉంది. యూపీఐలో క్రెడిట్ కార్డు వ్యాపారులకు కట్టడానికే పని చేస్తుంది, మనిషి నుంచి మనిషికి పంపడానికి కాదు. టిఫిన్ బండి అక్క అతికించిన క్యూఆర్ కోడు బహుశా ఆమె సొంత సేవింగ్స్ ఖాతాది, యాప్ దాన్ని దుకాణంగా గుర్తించదు, అందుకే ఆపేస్తుంది. మెడికల్ షాపు వాళ్లది వ్యాపారి క్యూఆర్. ఆమెకు ఇష్టమైతే వ్యాపారుల యాప్‌లో నమోదు చేసుకుంటే కొత్త స్టిక్కర్ వస్తుంది. చిన్న వ్యాపారులకు రెండు వేల లోపు రూపే క్రెడిట్ చెల్లింపుల మీద చార్జీ లేదని కూడా చెప్పు, చాలామంది కోత పడుతుందన్న భయంతోనే వద్దంటారు.

ఒక్క మాట. యూపీఐ మీద పెట్టిన ఖర్చుకు అన్ని కార్డులూ ఒకేలా పాయింట్లు ఇవ్వవు, కొన్ని సగమే ఇస్తాయి, కొన్ని అసలే ఇవ్వవు. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో డబ్బు వేయడం లాంటివాటికి కూడా చాలా కార్డుల్లో పాయింట్లు ఉండవు. నీ ఖర్చంతా ఇరవై, ముప్పై రూపాయల స్కానింగుల్లోనే పోతుంటే యూపీఐకి పాయింట్లు ఇచ్చే రూపే కార్డే చూసుకోవాలి. కొత్తగా తీసుకునేవాళ్లకు: పెద్ద కార్డు సంస్థలు ఏ నెట్‌వర్క్ (వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటివి) కావాలో మనల్నే ఎంచుకోనివ్వాలని 2024 సెప్టెంబరు నుంచి నిబంధన ఉంది, దరఖాస్తులోనే రూపే అని అడగండి.

ఇంకో జాగ్రత్త, చిన్న చిన్న స్కానింగులు ఖాతాలోంచి వెంటనే పోవు కాబట్టి ఖర్చు తెలియదు. వారానికోసారి యాప్‌లో 'అన్‌బిల్డ్' (ఇంకా బిల్లులోకి రాని ఖర్చుల) పేజీ తెరిచి మొత్తం చూసుకో.

ప్రశ్న: అన్నా, మిర్యాలగూడ నుంచి. నాయిన ఫోనుకు 'మీ రివార్డు పాయింట్లు 7,850 ఈ రాత్రితో పోతాయి' అని వాట్సాప్‌లో మెసేజ్, కింద ఒక ఫైలు వచ్చింది. ఆయన నొక్కిండు. ఇప్పుడేం చెయ్యాలె?

జవాబు: ఇది చదివేలోపే ఈ పని చెయ్, తమ్ముడూ. ఆ ఫోనులో నెట్ ఆపి ఏరోప్లేన్ మోడ్ పెట్టు. వేరే ఫోను నుంచి కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించు, నెట్ బ్యాంకింగ్ కూడా ఆపమను. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్, ఆలస్యమైన కొద్దీ దొరకడం కష్టం.

వచ్చింది ఏపీకే ఫైలు అయి ఉంటుంది, అంటే ప్లే స్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఎక్కే యాప్. అది మెసేజ్‌లు చదివే అనుమతి తీసుకుంటుంది, ఓటీపీ నాయినకు కనిపించేలోపే అవతలివాడికి చేరుతుంది. కొన్నిసార్లు కాల్స్ కూడా మళ్లించేస్తారు. ఆ సిమ్‌ను వేరే ఫోనులో వేసి *#21# డయల్ చేస్తే మళ్లింపు ఉందో లేదో తెలుస్తుంది, ##002# డయల్ చేస్తే అన్నీ రద్దవుతాయి. ఆ యాప్‌ను తీసేసినా నమ్మకం లేదు, ఫొటోలు, కాంటాక్టులు దాచుకుని ఫ్యాక్టరీ రీసెట్ చెయ్. పాస్‌వర్డులు, యూపీఐ పిన్ మార్చేది ఆ తర్వాతే, సోకిన ఫోనులో మారిస్తే కొత్తవి కూడా వాడికి తెలిసిపోతాయి.

నాయినను మాత్రం తిట్టొద్దు. తిడితే ఇంకోసారి ఏదైనా జరిగినప్పుడు చెప్పరు. పాయింట్లు నిజంగా పోతున్నాయేమో అని అనుమానం ఉంటే బ్యాంకు యాప్ తెరిచి చూసుకోవాలి, ఏ బ్యాంకూ పాయింట్ల కోసం వాట్సాప్‌లో ఫైలు పంపదని నెమ్మదిగా చెప్పు. మన బ్యాంకుల వెబ్‌సైట్లు ఇప్పుడు డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌తో ముగుస్తున్నాయి, ఆ చివర లేని బ్యాంకు లింకు వస్తే అనుమానించాల్సిందే.

ప్రశ్న: సూర్యాపేట నుంచి అన్నా. ల్యాప్‌టాప్ కోసం నాన్న కార్డుకు యాడ్-ఆన్ (ఆయన ఖాతా మీదే నాకిచ్చే అదనపు కార్డు) తీసుకుని నో కాస్ట్ ఈఎంఐలో కొంటే నా సిబిల్ కూడా పెరుగుతుందా?

జవాబు: పెరగదు. యాడ్-ఆన్ కార్డు మీద ఖర్చు, బాకీ అంతా నాన్న పేరు మీదే నమోదవుతుంది, నువ్వు ఆలస్యం చేస్తే దెబ్బ తినేది ఆయన స్కోరు. కొనడానికి మాత్రం మంచి మార్గమే, నీ కార్డుకు ఎంత లిమిట్ ఉండాలో ఆయన యాప్‌లో పెట్టొచ్చు. నో కాస్ట్ అన్నా ఖర్చు సున్నా కాదు: వడ్డీని ధరలో తగ్గించి ఇస్తారు కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కట్టాలి. వడ్డీ మూడు వేలైతే 540, పైన ప్రాసెసింగ్ ఫీజు. ఈఎంఐ కొనుగోళ్లకు చాలా కార్డులు పాయింట్లు కూడా ఇవ్వవు. దసరా, దీపావళి సేల్‌లో అదే బ్యాంకు కార్డుకు నేరుగా తగ్గింపు ఇస్తే, డబ్బు చేతిలో ఉంటే, ఒకేసారి కట్టి కొనడమే చవక. రెండు ధరలూ పక్కపక్కన కాగితం మీద రాసి నాన్నకు చూపించు, ఆయన కార్డు కాబట్టి ఎలా కట్టాలో ఆయన్నే చెప్పనివ్వు.