నల్గొండ నుంచి మూడు రోజుల్లో సముద్రం చూసి రావాలంటే ఎటు పోవాలి?

మూడు రోజుల సెలవుంది, పిల్లలతోపాటు అమ్మానాన్నలకూ సముద్రం చూపించాలి, విశాఖ మేలా సూర్యలంక మేలా అని అడిగారు. రెండూ చూశాను గానీ, మీకు నేను చెప్పేది హంసలదీవి.

విశాఖకు వంక పెట్టలేం. తూర్పు కనుమలు అక్కడ ఒడ్డుదాకా వచ్చేస్తాయి, యారాడలో నిలబడితే కొండా, సముద్రమూ ఒక్కచూపులో పడతాయి. బొర్రా గుహల్లో పారే గోస్తనీ భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. కానీ మూడు రోజుల్లో అరకు కూడా ఇరికిస్తే సగం యాత్ర బండిలోనే అయిపోతుంది. ఇక సూర్యలంక సులువు, బాపట్ల నుంచి 9 కిలోమీటర్లే. ఆదివారం మాత్రం పోకండి, జాతరే.

మనం కృష్ణ పక్కన బతికేవాళ్లం. సాగర్ గేట్లెత్తారంటే చాలు, ఇంటిల్లిపాదీ బయల్దేరతాం. వాడపల్లి దగ్గర మూసీని కూడా కలుపుకుని పోయిన ఆ నది పులిగడ్డ దగ్గర చీలి, దివిసీమను చుట్టుకుని, హంసలదీవి వైపు సముద్రంలో కలుస్తుంది. పెద్దవాళ్లను అక్కడికే తీసుకుపోవాలనిపించింది. మా అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని దిగి, దోసిట్లో నీళ్లు తీసుకుని నోట్లో పోసుకుని ఉమ్మేసింది. "సాగర్‌ల మంచిగున్న నీళ్లు ఈడికొచ్చి గిట్లయినయా" అని మా నాన్న మీద గరమైంది, అదేదో ఆయనే చేసినట్టు! పిల్లలు మాత్రం నీళ్లు వదిలేసి ఎండ్రికాయల వెంట పడ్డారు. అవి ఇసుక బొక్కల్లోంచి కళ్లు బయటపెట్టి చూస్తాయి, అడుగు చప్పుడైతే మాయం.

వేణుగోపాలస్వామి గుడి దగ్గరే సంగమం ఉంటుందనుకోకండి, ఇంకా కొన్ని కిలోమీటర్లు పోవాలి. పక్కన మడ అడవులు. బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చినవి ఆ చెట్ల వేర్లే, గాలి పీల్చుకోవడానికి. అక్కడ తిండి, తాగునీళ్లు దొరుకుతాయని నమ్మకండి, సద్ది కట్టుకుని పోండి. నది, సముద్రం కలిసే చోట నీటి లాగుడు ఎక్కువ, పిల్లలను ఒడ్డునే ఉంచండి.

ఎండాకాలం వద్దు. ప్రకాశం బ్యారేజీ కింద ఏరు చాలామటుకు ఇసుకే కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి మేలు. నవంబరులో అయితే తుపాను కబురు చూసుకునే బయల్దేరాలి, దివిసీమను ముంచిన 1977 ఉప్పెన ఆ నెలలోనే వచ్చింది.

విజయవాడదాకా రైలు, అక్కడి నుంచి బస్సులో అవనిగడ్డ. రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే ఆటో మాట్లాడుకోండి. తిరుగుదారిలో మచిలీపట్నం మీదుగా రావచ్చు. మంగినపూడి తీరం నల్లమట్టి, నాకంతగా నచ్చలేదు. ఆ పూట పెడనలో కలంకారీ అద్దకం చూడండి. బట్ట మీద చెక్క అచ్చు పెట్టి అరచేత్తో కొడుతుంటే మా చిన్నోడు అక్కణ్నుంచి కదలనన్నాడు.